రెండోసారి మూసుకున్న మెషీను

“మెషీను దానంతటదే మూసుకుపోనాదండి. నాను తొక్కలేదు.”

ఈ మాటను మా షెడ్డులో ఆ క్షణాన నమ్మినవాళ్ళం ఇద్దరమే. ఒకరు ఆ మాట అన్న ఆవిడ, రెండోదాన్ని నేను. అక్కడ మెషీన్లు చూసుకోవడానికి జీతం తీసుకునేదాన్ని కాబట్టి, మెషీను తనంతట తాను అలా చేయదని అందరికన్నా ముందు నేనే అనాలి. కానీ కాలిన ఆ చేతిని పట్టుకుని కుళాయి దగ్గరకు పరుగెత్తించింది నేను. ధారగా పడుతున్న నీళ్ళ కింద వేళ్ళు పెట్టించి పట్టుకున్నది నేను. ఆవిడ ఒళ్ళంతా వణుకుతోంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, అయినా ఏడవలేదు. ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అంటూ ఉంది. అంత బాధలో మనిషికి అబద్ధం అల్లే ఓపిక ఉంటుందా?

మాది నర్సీపట్నం. మెకానికల్ డిప్లొమా చదివాను. కోటవురట్ల రోడ్డులో ఉన్న ఆ జీడిపప్పు ఫ్యాక్టరీకి రోజూ స్కూటీ మీద వెళ్ళి వచ్చేదాన్ని. నా నోరు మంచిది కాదని ఇంట్లోవాళ్ళు అంటారు. నిజమే, కాదు. బేరింగు అరిగితే మెషీను అరుస్తుంది, మెషీను ఆగితే యజమాని అరుస్తాడు, ఆ రెండింటి మధ్య మెత్తగా మాట్లాడితే నా మాట ఎవరికి వినపడుతుంది?

ఆవిడ చెయ్యి నలిగింది ప్యాకింగు హాల్లో ఉన్న సీలింగు మెషీనులో. పప్పు నింపిన సంచుల మూతి అతికించే మెషీను అది. రెండు ఇనప దవడలు ఇస్త్రీపెట్టెలా వేడెక్కి ఉంటాయి. సంచి మూతి వాటి మధ్య పెట్టి కింద పెడల్ తొక్కితే దవడలు మూసుకుంటాయి, మూతి అతుక్కోగానే వాటంతటవే తెరుచుకుంటాయి. ఒక తొక్కుకి ఒక్కసారే మూసుకోవాలి. మళ్ళీ తొక్కేదాకా కదలకూడదు. ఆ నమ్మకంతోనే ఆవిడ తెరుచుకున్న దవడల మధ్య చెయ్యి పెట్టి సంచి తీయబోయింది. దవడలు రెండోసారి మూసుకున్నాయి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కొసలు వాటి మధ్య నలిగి కాలిపోయాయి.

ఆవిడ నాకన్నా పెద్దది. అక్కని మా వైపు పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. కృష్ణదేవిపేట దగ్గర పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది. పొర వలిచే బల్ల దగ్గర మొదలుపెట్టి, గ్రేడింగుకి వెళ్ళి, చివరికి ఆ మెషీను దగ్గరకు వచ్చిన మనిషి. జీడిపప్పు పనిలో వేళ్ళ కొసలే కళ్ళు. పప్పు విరగకుండా పొర తీయాలన్నా, పుచ్చును చూడకుండానే పట్టుకోవాలన్నా అవే కావాలి. ఆ వేళ్ళు పోతే ఆవిడకు మా ఫ్యాక్టరీలోనే కాదు, ఆ చుట్టుపక్కల ఏ జీడిపప్పు షెడ్డులోనూ పని ఉండదు.

యజమాని చెడ్డవాడేమీ కాదు. తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, సీట్ల మీద నీళ్ళు కారుతున్నా పట్టించుకోలేదు. తిరిగి వచ్చాక మాత్రం మాట మారిపోయింది.

“కబుర్లు చెప్పుకుంటూ తొక్కేసి ఉంటుందమ్మా. ఇంకోసారి తొక్కినట్టు తెలియలేదు, అంతే. మెషీను దానంతటదే మూసుకోవడం ఏమిటి, దెయ్యం పట్టిందా?”

“తొక్కలేదని ఆవిడ చెబుతోంది కదండీ.”

“చెబుతుంది. ఎందుకు చెప్పదు?”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయి నాలుక కరుచుకున్నాను. ఎందుకంటే అప్పటికే నేను మెషీను మొత్తం విప్పి చూశాను. వైర్లు బాగున్నాయి, గాలి గొట్టాలు బాగున్నాయి, దవడలు తెరిచే టైమరు బాగుంది. నేనే స్వయంగా నిలబడి ఎన్నోసార్లు తొక్కాను. తొక్కినప్పుడల్లా ఒక్కసారే మూసుకుంది. చేతిలో ఏ ఆధారం పెట్టుకుని వాదించను?

మెషీను తయారుచేసిన కంపెనీకి ఫోను చేశాను. అక్కడి సర్వీసు మెకానిక్ చాలా మర్యాదగా మాట్లాడాడు. మర్యాదగా మాట్లాడేవాళ్ళతోనే నాకు తలనొప్పి.

“మేడమ్, మీరు చెప్పింది మేము కాదనడం లేదు. కానీ అది రెండుసార్లు మూసుకుంటున్నట్టు వీడియో పెట్టండి. వీడియో చూస్తేనే ఏ పార్టు అలా చేస్తోందో చెప్పగలం. లేకపోతే మనిషిని పంపినా ఉపయోగం ఉండదు.”

యజమానికి అదే చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, ఊటీ నుంచి ఎవరో తెచ్చిచ్చిన పెన్నుల స్టాండు అటూ ఇటూ జరిపి, ఒక మాట అన్నాడు.

“సరే, పెట్టుకో కెమెరా. ఎక్స్‌పోర్టు సరుకుకి లారీ వస్తుంది, అప్పటిదాకా నీకు టైము. మెషీనుదే తప్పని నువ్వు చూపిస్తే ఆవిడని వెనక్కి తెస్తాను, చెయ్యి బాగయ్యేదాకా కూర్చోబెట్టి చూసుకుంటాను. చూపించలేకపోతే ఆవిడ నిర్లక్ష్యమని తేల్చేస్తాను. మళ్ళీ ఈ గేటు లోపలికి రానివ్వను. తన తప్పు మెషీను మీదకి నెట్టే మనిషిని నేను పెట్టుకోను.”

అదీ సంగతి. ఆవిడ బతుకు నా ఫోను కెమెరా మీద ఆధారపడింది.

నా ఫోనులో స్లో మోషన్ ఉంది. రెప్పపాటులో జరిగేదాన్ని సాగదీసి చూపిస్తుంది. దాన్ని స్టాండుకి బిగించి, దవడలు, చేతులు బాగా కనిపించేలా మెషీను ఎదురుగా పెట్టాలనుకున్నాను. ఇంకో చిన్న కెమెరా కూడా తెప్పించాను, రోజంతా ఆగకుండా రికార్డు చేయడానికి. రెండోసారి ఎప్పుడు మూసుకుందో దాంట్లో వెతకాలి, ఎలా మూసుకుందో ఫోనులో చూడాలి. రేపు పొద్దున్న కెమెరా పెడుతున్నానని ప్యాకింగు హాల్లో అందరికీ చెప్పాను.

పొద్దున్న వెళ్ళేసరికి హాలు గుమ్మం దగ్గరే ఆగిపోయాను. గుమ్మం పక్కన గోడ మీద “చెప్పులు బయట విడువవలెను” అని రంగుతో రాసి ఉంటుంది. పైన లక్ష్మీదేవి పటం. ఆ కింద చెప్పులు ఎప్పుడూ గుట్టగా పడి ఉండేవి, ఆ రోజు జతలు జతలుగా వరసలో ఉన్నాయి. లోపల నేల తడిగుడ్డతో తుడిచారు. మెషీను తళతళలాడుతోంది, నుదుట బొట్టు కూడా పెట్టారు. ఇక ఆడవాళ్ళు! ఒక్కరూ పనికి కట్టుకొచ్చే చీరలో లేరు. తలలో కనకాంబరాలు, మొహానికి పౌడరు, తల మీద మేమిచ్చే నెట్టు టోపీ కింద నుంచి తొంగిచూస్తున్న మల్లెమొగ్గలు.

“ఏటమ్మా ఇది, పెళ్ళి వీడియో అనుకున్నారా?” అని అరిచాను.

“మరి పదిమంది సూసేది కదండీ మేడమ్‌గోరు. మాసిన కోకల్తో పడితే మా ఇళ్ళల్లో ఏటనుకుంటారు?” అంది ఒకావిడ, పమిట సర్దుకుంటూ.

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. పూలు తీయించాను, పప్పులో పడతాయని. అంతకుమించి ఆలోచించలేదు. కెమెరా అంటే మా వాళ్ళకి అంతే, ఇంటికి చుట్టం వచ్చినట్టు సర్దేస్తారు.

మెషీను ముందు ఎవరు నిలబడాలి? ఎవరూ కదల్లేదు. చివరికి ఆవిడ తోడికోడలు ముందుకొచ్చింది. అదే హాల్లో సంచులు తూకం వేసే పని ఆమెది. సన్నగా, మాటకు ముందు కళ్ళు ఎగరేసే మనిషి.

“మా అప్ప మాట అబద్దం అంటన్నారు కదా. నాను సేస్తాను, సూడండి. ఏటవుద్దో అవనీ.”

“చెయ్యి లోపల పెట్టావంటే వీపు పగలగొడతాను. ఈ చెక్క గరిటెతో సంచి బయటకి లాగు” అన్నాను.

మొదలుపెట్టాం. తొక్కుతుంది, దవడలు మూసుకుంటాయి, తెరుచుకుంటాయి, గరిటె లోపలికి వెళ్తుంది, సంచి బయటకి వస్తుంది. గరిటె లోపలికి వెళ్ళిన ప్రతిసారీ నా చూపు దవడల మీదే ఉండేది. ఇప్పుడు మూసుకోవాలి అని ఒకవైపు కోరుకునేదాన్ని, వద్దు తల్లీ అని ఇంకోవైపు వణికేదాన్ని. పొద్దంతా గడిచింది. మెషీను బుద్ధిగా, ఒక తొక్కుకి ఒక్కసారే మూసుకుంది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆ చిన్న కెమెరాలో రికార్డయినదంతా కూర్చుని చూశాను. కళ్ళు మండిపోయాయి. ఒక్క తొక్కు, ఒక్క మూత. ఒక్క తొక్కు, ఒక్క మూత.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మొదట అయ్యో పాపం అన్నవాళ్ళే మెల్లగా జారుకున్నారు. “ఏమోనమ్మా, ఆ రోజు పరాకుగా ఉన్నాదేటో” అని ఒకరు. “మెషీను కెమెరాకి భయపడిపోనాది” అని ఇంకొకరు, కిసుక్కున నవ్వుతూ. తోడికోడలు ఆ నవ్విన మనిషి మీదకి గరిటె ఎత్తింది. నేను ఆపాను గానీ, ఆపడం ఇష్టం లేకపోయింది.

ఆ సాయంత్రం తోడికోడలితో పాటు ఆవిడని చూడటానికి వెళ్ళాను. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది, కట్టుకట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని. ముందు జీడితోట, ఇవతల వరిమడి. నన్ను చూసి లేవబోయింది.

“కూర్చో అప్పా, కూర్చో.”

“దొరికిందా మేడమ్‌గోరు?”

ఎలా ఉన్నారని అడగలేదు, టీ తాగుతారా అనలేదు. అదే మొదటి మాట. 

“ఇంకా లేదప్పా. చూస్తున్నాను.”

ఆవిడ ఎడమచేత్తో పక్కన గిన్నెలో ఉన్న బియ్యం గింజ ఒకటి తీసి, కట్టు బయటకి ఉన్న ఉంగరపువేలు మీద పెట్టుకుని, తీసి మళ్ళీ పెట్టుకుంది. కట్టు విప్పాక ఆ రెండు వేళ్ళకీ స్పర్శ వస్తుందో రాదో డాక్టరు చెప్పలేదట.

“ఏలు పోతే పోనాది. పని పోతే ఏటో ఒకటి సేసుకుంటాను. నాను అబద్దం సెప్పినాననే మాట మాత్రం ఉండకూడదండి. పిల్లలకి పెళ్ళిళ్ళు సెయ్యాల. పది ఇళ్ళల్లో తిరగాల. దొంగమాటల మనిషని ఒకసారి పేరు పడితే పోద్దేటండి?”

తిరిగి వచ్చేటప్పుడు స్కూటీ మీద నాలో నేనే తిట్టుకుంటూ వచ్చాను. ఎవరిని తిట్టానో నాకే తెలియదు. మెషీనునీ, కంపెనీ మర్యాదనీ, యజమాని గడ్డాన్నీ, అందరినీ కలిపి తిట్టాను.

మర్నాడు పొద్దున్నే, లారీ రేపు వస్తుందని ఫోను వచ్చింది. యజమాని నన్ను పిలిచి, “ఇక చాలమ్మా. రేపటితో ఆ కెమెరాలు తీసెయ్. ఆడవాళ్ళు పని మానేసి దానికేసే చూస్తున్నారు” అన్నాడు.

నేను తల ఊపి, మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాను. చూసిందే చూస్తున్నాను. ఎన్నోసారో తెలియదు. దవడల్ని చూసి చూసి విసుగొచ్చి, ఊరికే తోడికోడలి భుజం వైపు చూశాను. ఫ్రేములో అంచున, భుజం వరకే పడుతోంది ఆమె. ముందురోజు పొద్దున్న తీసిన వీడియోలో ఆ భుజం తిన్నగా ఉంది. మధ్యాహ్నం దాంట్లో ఒక పక్కకి ఒరిగిపోయింది. సాయంత్రానికి తొక్కినప్పుడల్లా భుజం ముందు ఉలిక్కిపడుతోంది, తర్వాత దవడలు మూసుకుంటున్నాయి.

ఇదేమిటి? తొక్కడానికి ఇంత బాధ ఎందుకు?

ఇన్నాళ్ళూ నేను చేతులనే చూశాను. నలిగింది చెయ్యి కాబట్టి అందరం చేతినే చూశాం. తొక్కేది కాలు కదా! ఫోను తీసుకుని హాల్లోకి పరుగెత్తాను. స్టాండు మడిచి, ఫోను నేలకి ఆనించి, మెషీను బల్ల కిందకి దూర్చాను. తోడికోడల్ని తొక్కమన్నాను. తర్వాత సాగదీసి చూశాను.

పెడల్ మీద గరుకు గీతలున్న ఇనప రేకు. దాని మీద ఆమె వట్టికాలు. తొక్కగానే వేళ్ళు లోపలికి ముడుచుకుపోతున్నాయి, మడమ గాల్లోకి లేస్తోంది, కాలిపోతున్నదాని మీద నుంచి తీసినట్టు కాలు మొత్తం పైకి ఎగిరిపోతోంది. అరికాలు మీద ఎర్రగా గీతలు గీతలుగా ముద్ర పడి ఉంది.

“కాలు ఎందుకమ్మా అలా ముడుచుకుంటున్నావు?”

“ఇనుము కోసుకుపోతన్నాదండి. గుడ్డ లేదు కదా.”

“ఏ గుడ్డ?”

గ్రేడింగు బల్ల దగ్గర పప్పు ఏరే చేతులు ఆగిపోయాయి.

“ఏ గుడ్డా అని అడుగుతున్నాను!”

తోడికోడలు తల దించుకుంది. “పెడల్‌కి గుడ్డ సుట్టుకుంటామండి, కాలికి మెత్తగా ఉంటాదని. మీరు కెమెరా పెడతామన్నారు కదా. మురికిగా, సమట కంపు కొడతన్నాది. వీడియోలో పడితే సిగ్గు కదండీ. అందుకని ముందురోజు ఇంటికి బేగి ఎల్లకుండా ఉండి నానే విప్పేసినాను.”

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నేను విప్పి చూసింది మెషీను లోపలి భాగాలు. మొదటిసారి విప్పినప్పుడు ఆ పెడల్ మీద తొక్కానే, అప్పుడు నా కాళ్ళకి చెప్పులున్నాయి, హడావుడిలో వేసుకునే లోపలికి వచ్చాను. మెత్తగా తగిలిందో లేదో ఎవరు గమనించారు! తర్వాత ఈ మహాతల్లులు ఇల్లు సర్దినట్టు సర్దేశారు. జబ్బు ఉన్న చోటునే కడిగేసి, డాక్టరు ముందు కూర్చోబెట్టారు.

“ఆ గుడ్డ ఎక్కడుంది?”

“గోనిసంచుల ఎనకాల పడేసినానండి.”

“తీసుకురా. బేగి!”

నీలం రంగు పాత చీర ముక్క. చెమటతో, దుమ్ముతో అట్టకట్టింది. ఎప్పుడూ ఎలా చుట్టేవారో అలాగే చుట్టమన్నాను. చుట్టింది. రెండు కెమెరాలూ పెట్టాను. చిన్నది దవడలకి ఎదురుగా, ఫోను నేల మీద పెడల్‌కి పక్కగా. తోడికోడల్ని రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడమన్నాను.

“చేతులు కదిపితే ఊరుకోను.”

“కదపనండి. నాకు మాత్రం భయం లేదేటి?”

తొక్కింది. ఒక్కసారే మూసుకుంది. మళ్ళీ తొక్కింది. ఒక్కసారే. ఆడవాళ్ళంతా పనులు వదిలేసి చుట్టూ మూగారు. నేను తిట్టలేదు. యజమాని ఎవరో చెప్పగా వచ్చాడు. మెషీను పక్కనే నిలబడి, “ఏమైనా అయిందా?” అన్నాడు. “ఇంకా లేదండి” అన్నాను. కాసేపు నిలబడి, లారీ వాళ్ళ ఫోను రాగానే వెళ్ళిపోయాడు.

తొక్కుతూనే ఉంది. గుడ్డ మెల్లగా ముడతలు పడుతోంది. తొక్కీ తొక్కీ ఒక వైపు పోగవుతోంది. తోడికోడలి మొహం మీద ఇప్పుడు బాధ లేదు. కాలు హాయిగా గుడ్డ మీదే ఆనించి, మడమ ఎత్తకుండా, వేళ్ళతోనే మెల్లగా నొక్కుతోంది. పొద్దంతా నిలబడే మనిషి అలాగే నొక్కుతుంది. ఎవరైనా అలాగే నొక్కుతారు.

టప్ మని దవడలు మూసుకున్నాయి. తెరుచుకున్నాయి. సంచి కదల్లేదు, ఎవరూ కదల్లేదు.

టప్!

“ఓలమ్మో!” అని తోడికోడలు వెనక్కి గెంతి నా మీద పడింది. సంచి మూతి మీద ఒకదాని పక్కన ఒకటి రెండు అతుకులు. ఆ రెండో అతుకు ఉన్నచోటే ఆవిడ వేళ్ళు ఉండేవి. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. కిసుక్కున నవ్విన మనిషి నోటికి పమిట అడ్డం పెట్టుకుంది.

వీడియో సాగదీసి చూశాను. స్పష్టంగా పడింది. గుడ్డ పోగయిన చోట పెడల్ పూర్తిగా పైకి లేవలేక సగంలో ఆగిపోయింది. సగంలో ఆగి వణికింది. ఆ వణుకునే మెషీను ఇంకో తొక్కు అనుకుంది. కాలు తొక్కలేదు. ఆవిడ తొక్కలేదు.

కంపెనీకి పంపాను. మర్యాదస్తుడు వెంటనే ఫోను చేశాడు. “అవును మేడమ్, ఫుట్ స్విచ్చు సగంలో ఇరుక్కుని రెండుసార్లు తగులుతోంది. కానీ పెడల్‌కి గుడ్డ చుట్టమని మేము చెప్పలేదు కదా మేడమ్. ఇది మెషీను లోపం కింద రాదు.”

మర్నాడు, లారీలో సరుకు ఎక్కుతుండగా, యజమాని గదిలో పెద్ద తెర మీద వీడియో పెట్టాను. తోడికోడలు ఫోను చేయడంతో ఆవిడ కూడా షేర్ ఆటోలో వచ్చింది. చెప్పులు గది బయట విడిచి, లోపల గోడకి ఆనుకుని నిలబడింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

పైన దవడల వీడియో, కింద పెడల్ వీడియో, రెండూ ఒకేసారి నడిచేలా పెట్టాను. ఆయన ముందుకు వంగి చూశాడు. రెండోసారి దవడలు మూసుకోగానే, “అరె!” అన్నాడు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. తర్వాత అంతకుముందు నేను చెప్పిన కంపెనీవాడి మాట గుర్తొచ్చినట్టుంది, నా వైపు తిరిగాడు.

“ఆ గుడ్డ ఎవరు కట్టారు?”

నేను నోరు మూసుకున్నాను. గుమ్మంలో నిలబడ్డ తోడికోడలు కిక్కురుమనలేదు. ఎవరు కట్టారంటే ఎవరికి తెలుసు? హాల్లో ఎవరైనా కట్టి ఉండొచ్చు. ఎవరో తెలియదంటే అక్కడితో అయిపోయేది.

“నానేనండి. నా కోకే సింపి కట్టినాను” అంది ఆవిడ.

ఆ క్షణంలో ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో! నిజం చెప్పిందని కోపం. ఇన్నాళ్ళూ నమ్మనివాళ్ళకి మళ్ళీ నిజమే చెప్పాలా?

“అదీ, చూశావా మరి” అని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “కొని తెచ్చుకున్నదే కదా. మెషీనుదీ కాదు, నాదీ కాదు. నేను ముందే చెప్పాను.”

వీడియో ఆగలేదు. నేను ఆపలేదు, మొదటికి తిప్పి మళ్ళీ నడిపించాను. కింద పెడల్ పక్క నుంచి తీసిన ఆ వీడియోలో నేల మొత్తం పడింది. చుట్టూ మూగిన ఆడవాళ్ళ పాదాలు. పగుళ్ళు, మెట్టెలు, పసుపు, అరిగిన మడమలు, అన్నీ వట్టికాళ్ళే. వాటి మధ్యలోకి నల్లటి బూట్లు రెండు నడుచుకుంటూ వచ్చాయి. పెడల్ పక్కనే ఆగాయి. “ఏమైనా అయిందా?” అని వాటి యజమాని గొంతు వినిపించింది. సాగదీసిన వీడియో కాబట్టి ఆ గొంతు బరువుగా, మెల్లగా వచ్చింది. బూట్లు ఎంతకీ అక్కడి నుంచి కదల్లేదు.

ఆయన తెర మీద బూట్లు చూశాడు. తర్వాత బల్ల కింద తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఆ తర్వాత గోడ పక్కన నిలబడ్డ ఆవిడ పాదాలకేసి చూశాడు. ఆవిడ వాటిని ఒకదాని మీద ఒకటి పెట్టుకుని దాచుకోబోయింది.

“ఇంక ఆపమ్మా” అన్నాడు.

“ఆపను. హాల్లో చెప్పులు వద్దన్నది ఎవరో చెప్పండి. ఇనప రేకు మీద పొద్దంతా వట్టికాలితో తొక్కమన్నది ఎవరో కూడా చెప్పండి. అప్పుడు ఆపుతాను” అన్నాను. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గరకు వెళ్ళాడు. బయట లారీకి తాళ్ళు కడుతున్నారు. తిరిగి వచ్చి నాతో కాదు, ఆవిడతో అన్నాడు.

“కట్టు విప్పాక రా. పని ఉంటుంది. గోడ మీద ఆ రాత చెరిపించేస్తాను.”

క్షమించమని అనలేదు. అనడం ఆయనకి రాదు. హాల్లోకి మాత్రం వేరేగా, శుభ్రంగా ఉంచే రబ్బరు అడుగు బూట్లు వచ్చాయి, అందరికీ. పెడల్ మార్పించాను, సగంలో ఆగినా తగలని స్విచ్చు పెట్టించాను. చేతులు లోపలికి వెళ్ళకుండా దవడల ముందు మూత బిగించాను. ఆ బూట్లు పెట్టుకోవడానికి గోడకి కొత్త బల్ల కట్టించి, కెమెరా స్టాండు తీసేద్దామని స్పానరు పట్టుకుని వెళ్ళాను.

కట్టు విప్పాక ఆ రోజే పనికి వచ్చిన ఆవిడ మెషీను ముందు నిలబడి ఉంది. చూపుడువేలికి స్పర్శ వచ్చింది, మధ్యవేలికి రాలేదు. కొత్త బూటుతో పెడల్ మెల్లగా తొక్కి, దవడలు తెరుచుకున్నాక కూడా చెయ్యి చాపకుండా కాసేపు ఆగింది. నేను స్టాండు మీద చెయ్యి వేయగానే నా వైపు తిరిగింది.

“దాన్ని తియ్యకండి మేడమ్‌గోరు.”

“ఎందుకప్పా? మెషీను బాగయిపోయింది కదా.”

“మెషీను కోసం కాదండి. నాను సెప్పినప్పుడు ఎవులూ నమ్మనేదు. అది సెప్తే నమ్మినారు. రేపు మల్లీ ఏటైనా అయితే, నా పక్షాన సెప్పడానికి అదొక్కటే ఉన్నాది. ఉండనియ్యండి.”

నేనూ ఉన్నాను కదప్పా అనబోయాను. కెమెరాని కొద్దిగా కిందకి దించి, ఆవిడ చేతులూ కాళ్ళూ రెండూ పడేలా సర్ది, స్టాండు మర గట్టిగా బిగించాను.